అవ్వ కూర్చుంటే హ్యాంగ్ అన్నాను

ఎవరికోసం రాస్తున్నాను

జగదల్‌పూర్‌లో నా దుకాణం మూసేసిన తర్వాత కూడా నెలకు ఒకరిద్దరు ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఒకతను గేమ్ పార్లర్ పెడతానంటాడు. ఒకమ్మాయి పాత మిషన్ల రిపేరు నేర్పమంటుంది. ఇంకొకరు సొంతంగా ఆటలు తయారుచేసి నెట్‌లో పెడతామంటారు. అందరూ అడిగేది మాత్రం ఒకటే, ఏ మిషను కొనాలి, ఏ ఆటలు పెట్టాలి అని. అది చెప్పడానికి నేనెందుకు? ఫోనులో వెతికితే దొరుకుతుంది.

నేను చెప్పగలిగింది వేరే ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను. చేతులతో చేసిన పని కంటే నోటితో చేసిన పనే ఎక్కువ. ఏ ఆట మంచిది, ఏది చెత్త, ఏ మిషను బాగవుతుంది, ఏది పారేయాలి అని జనానికి చెబుతూ బతికాను. ఆ నోటితోనే ఒక తప్పు చేశాను. దానివల్ల ఒక ముసలామెకు తన ఊరిని చూసుకునే అవకాశం పోయింది. అది చెప్పడానికే ఈ కాగితాలు. ముందూ వెనకా తెలియకుండా చెబితే మీకు అర్థం కాదు కాబట్టి మొదటి నుంచి వస్తాను.

మా ఊరు కొంటా, ఆంధ్ర సరిహద్దు పక్కనే. నాన్నది కిరాణా దుకాణం. ఇంట్లో తెలుగు, కొట్లో అడవి ఊళ్ళవాళ్ళతో దొర్లీ, గోండీ, ఆఫీసుకు వెళ్తే హిందీ. మా ఊళ్ళో అందరికీ అంతే, అందులో గొప్పేమీ లేదు. పదో తరగతి తప్పాను. నాన్న ఒక్క మాట కూడా అనకుండా బస్సెక్కించి జగదల్‌పూర్‌లో మా మేనమామ దగ్గరికి పంపేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మామయ్య బల్ల

మామయ్యది రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం. మనిషి మహా చిరాకు. టీ చల్లారితే కోపం, స్క్రూడ్రైవరు చోటు మారితే కోపం. ఒకరోజు ఒకాయన టీవీ మోసుకొచ్చి బొమ్మ వణుకుతోందన్నాడు. నేను చేరి వారం కూడా కాలేదు. తెలివి చూపిద్దామని "పిక్చర్ ట్యూబు పోయినట్టుంది" అనేశాను. ఆయన మొహం పాలిపోయింది.

మామయ్య టీవీ ఆన్ చేసి, ఎదురుగా స్టూలు వేసుకుని, గంటసేపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వెనక్కి వెళ్ళి వదులైన ఒక తీగను టంకం పెట్టి అతికించాడు. అంతే. టీవీ తెచ్చినాయన వెళ్ళిపోయాక నా వైపు తిరిగాడు.

"ఏందిరా, నీ కండ్లకు డబ్బా లోపటిదాక కనబడతదా? ఆ మనిషి ఇంట్ల అది ఎంతసేపు వణికిందో అంతసేపు కూసొని చూసినవా నువ్వు? చూడకుండ నోరెట్ల లేచింది?"

ఆయన మంచి యజమాని అని అబద్ధం చెప్పను. ఏదీ విడమర్చి చెప్పేవాడు కాదు. నలుగురిలో పరువు తీసేవాడు. నా తర్వాత వచ్చిన ఇద్దరు పనివాళ్ళు ఆయన నోటికి భయపడే పారిపోయారు. అయినా ఆ రోజు ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. విన్నాను, తలూపాను, చాలా ఏళ్ళు పాటించాను కూడా. అవసరమైన రోజున మాత్రం మరిచిపోయాను.

టీవీ గేములు మా ఊళ్ళకు వచ్చింది ఆ రోజుల్లోనే. చిన్న ప్లాస్టిక్ డబ్బా, రెండు రిమోట్లు, పైన ఒక క్యాసెట్. క్యాసెట్ మీద తొమ్మిది వేల ఆటలని రాసి ఉండేది, లోపల చూస్తే అవే పాతిక ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. మామయ్య వాటిని ముట్టుకునేవాడు కాదు, "పిల్లల బొమ్మలు" అని నా వైపు తోసేవాడు. అట్లా అది నా పనైంది. మామయ్య పోయిన తర్వాత దుకాణమే ఆటల దుకాణమైంది. ఒక గదిలో ఆరు టీవీలు, ముందు గదిలో రిపేరు బల్ల.

ఊదడం గురించి

పాత ఆటగాళ్ళకు నచ్చని మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆట తెర మీదికి రాకపోతే క్యాసెట్ బయటికి తీసి, కింద ఇత్తడి పళ్ళలాంటివి ఉంటాయే, వాటి మీద గట్టిగా ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. అట్లా ఊదమని నేనే వచ్చినవాడికల్లా నేర్పాను. వాళ్ళు సుక్మా, బీజాపూర్ వైపు ఊళ్ళకు తీసుకెళ్ళి మిగతావాళ్ళకు నేర్పారు.

కొన్నేళ్ళకు ఆ క్యాసెట్లే పచ్చగా చిలుము పట్టి నా బల్ల మీదికి రావడం మొదలైంది. ఊదినప్పుడు నోటి తడి పడి లోహం తినేసింది. నిజానికి బాగయ్యేది ఊదడం వల్ల కాదు, తీసి మళ్ళీ సరిగ్గా పెట్టడం వల్ల. స్పిరిట్‌తో తుడిచి, పెన్సిల్ రబ్బరుతో రుద్దితే సరిపోయేది. నా మాట నమ్మి ఎంతమంది ఎన్ని పాడుచేసుకున్నారో తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇప్పటికీ కొందరు "అంకుల్, ఊదడంలోనే సగం సరదా" అని నాతో గొడవకు దిగుతారు. సరదా సరే, క్యాసెట్ పోయిందిగా!

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆట గురించి ఎవరైనా మాట్లాడవచ్చు, అది వాళ్ళ అభిప్రాయం. రిపేరు చేసేవాడు మాట్లాడితే మాత్రం జనం అభిప్రాయంగా వినరు. డాక్టరు చెప్పినట్టు వింటారు.

ఆదివారం మాటలు

ఫోన్లలో ఆటలు వచ్చాక పార్లర్ ఖాళీ అయింది. ఆరు టీవీలు రెండయ్యాయి. అయితే ఒకప్పుడు నా దగ్గర ఆడి పెద్దవాళ్ళైనవాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు రావడం మొదలుపెట్టారు. పాత ఆటలు పెట్టుకుంటారు, కొత్తవి తెచ్చి చూపిస్తారు, వాదించుకుంటారు. ఇద్దరు ఒక్క వారం కూడా మానేవారు కాదు. ఒకరు సాహూ మాస్టర్, సర్కారు బడిలో లెక్కలు చెబుతారు, మాట్లాడేదంతా హిందీ. రెండోవాడు మోహన్, గనుల టౌన్‌షిప్‌లో మెకానిక్, తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు.

"మూడు ప్రాణాలండీ, అవి అయిపోతే మళ్ళీ మొదటికి. అదీ ఆటంటే!" అనేవాడు మోహన్. "ఇప్పుడేంటండీ, చచ్చిన చోటే లేపి నిలబెడుతున్నారు. ఇంక భయమేముంటుంది?"

సాహూ మాస్టర్ నవ్వి హిందీలో అనేవారు, "అరే భాయ్, అప్పుడు నీకు వేసవి సెలవులుండేవి. ఇప్పుడు పెళ్ళాం ఫోన్ చేస్తోంది. ఆట మెత్తబడలేదు, నీకు తీరిక లేకుండా పోయింది."

ఈ మాటలకు నేనొక నియమం పెట్టాను. ఎవరైనా సరే, అభిప్రాయం చెప్పేముందు ఆ ఆటను ఎంతవరకు ఆడారో చెప్పాలి. "నేను నాలుగో మెట్టు దాకా ఆడాను" అనో, "నేను పూర్తి చేశాను" అనో అన్నాకే నోరు తెరవాలి. మామయ్య తిట్టిన తిట్టు నుంచి పుట్టిన నియమం అది. దానివల్ల సగం గొడవలు తగ్గాయి. చెప్పుకోకూడదు గానీ, ఆ నియమం పెట్టినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అప్పట్లో ఎక్కువ గొడవ ఇండీ ఆటల మీద. పెద్ద కంపెనీ లేకుండా ఒకరో ఇద్దరో తమ గదిలో కూర్చుని తయారుచేసే ఆటల్ని అట్లా అంటారు. సాహూ మాస్టర్‌కు ప్రాణం. నాకు పడేది కాదు. నా అభిప్రాయం దాచుకోను. పాత ఆటల్లో బొమ్మలు గరుకుగా ఉండేది ఆ మిషనుకు అంతకంటే చేతకాక. ఇప్పుడు అన్నీ చేతనైనా కావాలని గరుకు బొమ్మలు గీసి, పాత రోజుల పేరు చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. ఇంకో రకం ఉండేవి. శత్రువు ఉండడు, స్కోరు ఉండదు, మనిషి అట్లా నడుస్తూ ఉంటాడు, వెనక విచారంగా సంగీతం. "ఇది ఆటా, ఆసుపత్రి వరండానా?" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. నవ్వించడం అలవాటైతే మనిషి దానికోసం ఏదైనా అంటాడు. నా సంగతి అంతే అయింది.

శాంత తెచ్చిన ఆట

సోయం శాంత పాలిటెక్నిక్‌లో చదివేది. దొర్ల వాళ్ళమ్మాయి. వాళ్ళ ఊరు ఉసూర్ దాటి అడవి లోపల ఎక్కడో ఉండేదట. పోలీసులకూ అడవిలోని దళాలకూ మధ్య నలిగి ఊళ్ళు ఖాళీ అయిన రోజుల్లో, ఆమెకు నాలుగేళ్ళప్పుడు, వాళ్ళ అవ్వ ఆమెను వెంటబెట్టుకుని సరిహద్దు దాటి తెలంగాణ వైపు వెళ్ళిపోయింది. అక్కడ మిర్చి తోటల్లో కూలి చేసి పెంచింది. అందుకే ఇద్దరికీ తెలుగు బాగా వచ్చు. కొన్నేళ్ళకు ఆవపల్లి దాకా తిరిగొచ్చారు. సొంత ఊరికి మాత్రం పోలేదు. అక్కడ మళ్ళీ ఎవరూ ఇల్లు కట్టలేదు.

ఆ అమ్మాయి ఆదివారాలు వచ్చి ఒక మూల కూర్చునేది. మాట్లాడేది తక్కువ. ఒకరోజు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"సార్, నేనొక ఆట చేస్తున్న. మా అవ్వ కోసం. అవ్వకిప్పుడు నడవరాదు. ఊరు మల్లొక్కసారి చూడాలంటది. సగమే అయింది. అందరు ఆడి చెప్తే మిగిలింది చేస్త."

అవ్వకు చూపు కూడా తగ్గుతోందని, తొందరగా పూర్తి చేయాలని కూడా చెప్పింది. ఏ ఇల్లు ఎక్కడ ఉండేదో తెలిసిన మనిషి అవ్వ ఒక్కతే. అవ్వను అడిగి, గీసి, ఆమెకే చూపించి, దిద్దుకుంటూ చేస్తోంది. ఇదంతా నేను విన్నాను. విననట్టు నటించలేను.

ఆ రోజు పదిమంది దాకా ఉన్నారు. ఆట తెరిచాను. అడవిలో కాలిబాట. ముందు గంప నెత్తిన పెట్టుకున్న ఒక ముసలామె, వెనక చిన్న పిల్ల. మనం ఆడించాల్సింది ఆ పిల్లను. ముసలామె నెమ్మదిగా నడుస్తోంది. నాకు ముప్పై ఏళ్ళ అలవాటు, కుడి వైపు బటన్ నొక్కి ఉంచాను. పిల్ల పరుగెత్తి ముసలామెను దాటేసింది. కాస్త దూరం పోగానే తెర ఆగిపోయింది. పిల్ల కదలదు. వెనక ముసలామె గంప దించి నేల మీద కూర్చుంది. నేను కుడి నొక్కాను, ఎడమ నొక్కాను, అన్నీ నొక్కాను. ఏమీ లేదు.

"కాసేపు ఆగండి సార్" అంది శాంత.

"ఆగితే దానంతట అదే బాగవుతుందా ఏంటమ్మా?" అన్నాను. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. మళ్ళీ అదే చోట అంతే. పది నిమిషాలు కూడా కాలేదు. రిమోట్ బల్ల మీద పడేసి అందరి వైపూ తిరిగాను.

"హ్యాంగ్ అవుతోంది. ప్రోగ్రామ్‌లోనే లోపం. అయినా హ్యాంగ్ కాకపోయినా ఇందులో ఏముంది? ముసల్ది నడవలేక కూలబడింది, ఆటా కూలబడింది!"

అందరూ గొల్లున నవ్వారు. మోహన్ అయితే బల్ల చరిచి మరీ నవ్వాడు. సాహూ మాస్టర్ ఒక్కరే నవ్వలేదు. "మీరు ఎంతవరకు ఆడారు?" అని అడిగారు. నా నియమం నన్నే అడిగారన్నమాట. "చెడిపోయినదాన్ని ఎంతవరకు ఆడతారు మాస్టారూ?" అని కొట్టిపారేశాను.

శాంత పెన్‌డ్రైవ్ తీసుకుంది. "సరే సార్" అంది. ఆ తర్వాత ఆదివారాలు రాలేదు. చదువైపోయి ఆవపల్లి వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు. నేను పెద్దగా పట్టించుకోలేదు, అదే నిజం.

అన్నం తినొచ్చేసరికి

ఏడాది దాటింది. కళ్ళు మసకబారి, చేతులు వణకడం మొదలై, టంకం సరిగ్గా పడక, దుకాణం మూసేద్దామనుకున్నాను. కంప్యూటర్‌లో పనికిరానివి తీసేస్తుంటే ఒక ఫైలు కనబడింది. ఆ రోజు ఆడేముందు శాంత ఆటను అందులోకి ఎక్కించుకున్నాను, తీయడం మరిచిపోయాను. తీసేసేముందు ఒకసారి తెరిచాను. ఎందుకు తెరిచానో తెలియదు.

మళ్ళీ అదే. కుడి నొక్కాను, దాటేశాను, ఆగిపోయింది, ముసలామె కూర్చుంది. ఇంతలో ఇంటి నుంచి మా ఆవిడ ఫోన్. అన్నం చల్లారిపోతోందట. కంప్యూటర్ కట్టేయకుండానే లేచి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ముసలామె కూర్చున్న చోట లేదు. లేచి, గంప ఎత్తుకుని, పిల్లను దాటి ముందుకు వచ్చి నిలబడి ఉంది. వెనక్కి తిరిగి పిల్ల వైపు చూస్తోంది. వస్తావా లేదా అన్నట్టు.

స్టూలు దగ్గరికి లాక్కున్నాను. కూర్చుని నెమ్మదిగా బటన్ నొక్కాను. ఆమె నడిచింది. ఆమె వెనక పిల్ల నడిచింది. కావాలని మళ్ళీ దాటి చూశాను. కూర్చుంది. ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముసలి ఊపిరి సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు పట్టింది. లేచింది. ఏ బటన్ తాకినా ఆ లేవడం మళ్ళీ మొదటికి వస్తుంది. నేను ఆ రోజు నిమిషం కూడా చేతులు ఊరకే ఉంచలేదు, ఇంకెట్లా లేస్తుంది?

ఆ మధ్యాహ్నమంతా నడిచాను. ఒక వాగు వచ్చింది. ముసలామె నీళ్ళలో ముందు తన కాలు పెట్టి లోతు చూసింది. ఇప్పచెట్ల కింద వంగి పూలు ఏరింది. ఎండిన ఆకుల మీద ఒక చప్పుడు, మెత్తటి మట్టి మీద ఒక చప్పుడు, ఇసుక మీద ఇంకొకటి. చివరికి ఊరు వచ్చింది. మూడిళ్ళు రంగులతో ఉన్నాయి. మిగతావి ఉత్త గీతలు. గీతల ఇళ్ళ మధ్య ముసలామె నిలబడిపోయింది. ఆట అంతవరకే.

ఆట బాగుందో లేదో నాకిప్పటికీ చెప్పడం చేతకాదు. ఏడ్చాను, అది మాత్రం చెప్పగలను. దుకాణంలో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

ఆవపల్లి

రెండు రోజుల తర్వాత బస్సెక్కాను. గీదం, బీజాపూర్, అక్కడి నుంచి ఆవపల్లి. శాంత ఆన్‌లైన్ ఫారాలు నింపే దుకాణంలో పనిచేస్తోంది. ఎదురుగా జనం ఆధార్ కార్డులు పట్టుకుని వరుసలో ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడింది.

"అమ్మా, నేను నీ ఆట ఆడాను. చివరిదాకా ఆడాను" అన్నాను. నియమం ప్రకారం ముందు ఆ మాటే చెప్పాలి. "హ్యాంగ్ కాదు. నాదే తప్పు. పదిమందిలో తప్పు మాట అన్నాను. క్షమించు."

ఆమె చేతిలో ఉన్న ఫారం పక్కన పెట్టింది. తర్వాత అంది, "హ్యాంగ్ కాదని నాకు తెల్సు సార్. దానికి బాధ లేదు. అవ్వ కూసుంటే నవ్విన్రు. ఊరు విడిచిన రోజు నేను ముందుకు ఉరికిన. ఎనక ఏం జరుగుతుందో నాకేం తెల్సు, ఆటనుకున్న. అవ్వ అరవలే, తిట్టలే. తొవ్వల కూసున్నది. నేను ఆగినంక లేచింది. గదే పెట్టిన ఆటల. దానికి నవ్విన్రు. ఇంటికి పోయినంక మల్ల ముట్టుకోబుద్ధి కాలే."

"ఇప్పుడు పూర్తి చెయ్యి తల్లీ. నాకు చేతనైంది నేను చేస్తాను."

"ఎవరికోసం సార్?" అంది. "మొన్న ఎండాకాలం దాక మసక మసకగ కనబడేది. కంటి నరం పోయిందన్నడు డాక్టరు. ఇగ రాదన్నడు. ఇప్పుడు వెలుగు తప్ప అవ్వకేం కనబడదు."

ఒక ఏడాది. ఆ ఏడాది ఆమెకు చూపుంది. నేను ఆ రోజు కాసేపు నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఆ ఏడాదిలో ఆట పూర్తయ్యేది, ఆమె తన ఊరు చూసుకునేది. దీనికి వేరే లెక్క చెప్పుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. కుదరదు.

తడక

శాంత నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. అవ్వ గడప దగ్గర నులకమంచం మీద కూర్చుని చింతగింజలు తీస్తోంది, చేతులతో తడుముతూ. శాంత ఏదో దొర్లీలో చెప్పింది. అవ్వ నా వైపు మొహం తిప్పి తెలుగులో అంది.

"కొంటా సావుకారివా? కూసో. చాయ్ తాగుతవా?"

నేను ఎవరో, ఏం చేశానో నా నోటితోనే చెప్పాను. ఆమె చింతగింజలు తీయడం ఆపకుండా విన్నది. "సరేలే. గా ఆట ఏందో పెట్టు, వింట" అంది.

ల్యాప్‌టాప్ ఆమె పక్కన పెట్టాం. రిమోట్ నా చేతిలో. అడుగుల చప్పుడు మొదలైంది. అవ్వ చేతులు ఆగిపోయాయి. నా బొటనవేలు ఉంది చూశారూ, దానికి సిగ్గు లేదు. మళ్ళీ గట్టిగా నొక్కింది. పిల్ల దాటిపోయింది, చప్పుడు ఆగింది.

"ముందటికి పోయినవా?" అంది అవ్వ వెంటనే.

"ఎట్లా తెలిసింది అవ్వా?"

"తొవ్వ తెలిసినోళ్ళు ముందు నడుస్తరు. మిగిలినోళ్ళు ఎనక. నువ్వు ముందటికి పోతే తొవ్వ ఎవరు చూపాలె? ఊకె ఉండు. గామె లేస్తది."

మేం కొంటా వాళ్ళం బస్సుల్లో తిరిగినవాళ్ళం. అడవి బాటలో ఒకరి వెనక ఒకరు నడిచే పద్ధతి ఎన్నోసార్లు చూశాను. దుకాణం ముందు నుంచే వరుసగా పోయేవాళ్ళు, ముందు ఒక ముసలివారు ఉండేవారు. దాన్ని ఒక నియమంగా ఎప్పుడూ చూడలేదు. రిమోట్ ఎన్నడూ ముట్టని మనిషి మొదటి నిమిషంలో పట్టుకున్నదాన్ని ఆటల్లో తల నెరిసిన నేను పట్టుకోలేకపోయాను.

వాగు చప్పుడు వినగానే ఆమె కాళ్ళు మంచం కింద దగ్గరికి ముడుచుకుంది. ఊరు వచ్చింది. "ఏం కనబడుతుందో చెప్పు" అంది నాతో. శాంత చెప్పబోతే వద్దంది. "నువ్వు చేసినవు, నీకెట్లుండాల్నో గట్లనే కనబడతది. సావుకారిని చెప్పనీ."

చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక ఆట గురించి బాగుంది, బాగోలేదు అనకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మట్టి గోడ, ఎర్రగా ఉంది. పైన గడ్డి కప్పు. ముందు దడి. దడికి తలుపులా తడక, పడమర వైపు తెరుచుకునేట్టు ఉంది.

"పడమరకా?" అంది అవ్వ. "కాదు. మా తడక పొద్దుపొడుపుకు ఉండె. పొద్దుగాల లేచి తీస్తే ఎండ నేరుగ పొయ్యి కాడికి వచ్చేది." చెయ్యి శాంత వైపు చాపి, "పక్కన గీతల ఇల్లున్నదంటివి, గది ఎవరిదో చెప్త, రాసుకో బిడ్డా" అంది.

శాంత లేచి నోటుబుక్కు తెచ్చుకుంది.

అప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి ఆవపల్లి వెళ్ళొస్తున్నాను. అవ్వ చెబుతుంది, శాంత గీస్తుంది, నేను చూసి చెబుతాను. సాహూ మాస్టర్ ఒకసారి నాతో వచ్చారు. మోహన్ అడుగుల చప్పుళ్ళు ఇంకా బాగా వినబడాలని ఒక స్పీకరు చేసి ఇచ్చాడు. గీతల ఇళ్ళు ఇంకా ఉన్నాయి గానీ తగ్గుతున్నాయి.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎంతసేపు చూశారో దాన్ని బట్టే మాట్లాడండి. మీ మాటకు ఎవరు ఏం ఆపేసుకుంటారో మీకు తెలియదు.

మొన్న వెళ్ళినప్పుడు శాంత తడక మార్చానంది. అవ్వ నా వైపు తిరిగింది.

"మారిందా సావుకారి?"

వెంటనే అవుననబోయాను. ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, తెర దగ్గరికి వంగి చూశాను. ఇంటి వెనక నుంచి కాదు, ముందు నుంచి వెలుగు పడుతోంది. తడక తెరిచి ఉంది. వెలుగు పొయ్యి దాకా వచ్చింది.

"మారింది అవ్వా. ఎండ పొయ్యి మీద పడుతోంది" అన్నాను.

ఆమె నా మాట నమ్మింది. చింతగింజల చేట పక్కకు జరిపి, కాళ్ళు నేల మీద ఆనించి కూర్చుంది.

"అట్లయితే మొదటి సంది నడువు" అంది. "ఈసారి నా ఎనక నడువు."